మధ్యవర్తి లేని మన్యం

పద్మనాభ యుద్ధ స్మారకోపన్యాసం

1794 జులై 10న పద్మనాభం కొండ కింద జరిగిన యుద్ధం గంటసేపు కూడా నిలవలేదు. ఈస్టిండియా కంపెనీ అడిగిన పేష్కస్ బకాయి కట్టలేక, మచిలీపట్నం పోయి పింఛను మీద బతకమన్న ఆజ్ఞకు తల వంచలేక, విజయనగరం రాజు చిన విజయరామరాజు తనవాళ్లతో ఇక్కడికి వచ్చి దిగాడు. కల్నల్ ప్రెండర్గాస్ట్ సిపాయిలు తెల్లవారుజామున మీద పడ్డారు. రాజు నేలకొరిగాడు. ఆయన్ని విడిచి పోని సర్దారులూ బంట్లూ అక్కడే ప్రాణాలు వదిలారు. ఆ ఉదయం గురించి చాలామంది చాలా చెప్పారు. ఆ తరవాత ఏం జరిగిందన్నది మాత్రం తక్కువగా వినబడుతుంది.

రాజు కొడుకు నారాయణబాబు అప్పటికి పసివాడు. అతను కొండ జమీందారుల పంచన చేరాడు. వాళ్లు కడుపులో పెట్టుకుని దాచారు. మైదానంలో ఒక్క పూటలో పని ముగించుకున్న కంపెనీ కొండ మొదట్లో ఆగిపోయింది. చివరికి రాజీకి వచ్చింది. కుర్రవాడికి జమీందారీలో కొంత భాగం తిరిగి ఇచ్చింది. అంతకుముందు విజయనగరం వారు లాక్కున్న కొండ ఎస్టేట్లను పాత దొరలకు అప్పజెప్పింది. విజయనగరం బలం తగ్గించాలన్న ఎత్తు అందులో ఉన్న మాట నిజమే. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. కొండ మీద ఎవరి మాటకు ఊళ్లు కదులుతాయో ఆ మనుషులు లేకుండా అక్కడ పైసా శిస్తు వసూలు కాదు, ఒక్క కబురు కదలదు. కంపెనీకి అది అర్థమైంది. అర్థమైనదాన్ని అది ఎక్కువ కాలం గుర్తుపెట్టుకోలేదు, ఆ తరవాత వచ్చిన వాళ్లెవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఈ పద్మనాభం మండలంలోనే పాండ్రంగి ఉంది. 1897 జులై 4న అల్లూరి సీతారామరాజు పుట్టింది ఆ ఊళ్లో, తాతగారింట. ఆయన మన్యం వెళ్లాక ముందువరసలో వచ్చి కలిసినవాడు, ప్రభుత్వం ముఠా (కొన్ని ఊళ్ల పెత్తనం) ఊడదీసిన దొర ఒకడు. ఇలా ఈ నేలకూ ఆ కొండలకూ మధ్య నడిచిన చరిత్రలో ఒక ప్రశ్న పదేపదే తగులుతుంది. ఊరికి పెద్దగా ఉన్న మనిషిని బయటి బలం తొలగిస్తే, భయపెడితే, చంపితే ఆ ఊరు ఏమవుతుంది? గత నలభై ఏళ్లలో సాయుధ దళాల చేతిలో ప్రాణాలు పోయిన గిరిజన పెద్దలను దృష్టిలో పెట్టుకుని ఆ ప్రశ్నను మళ్లీ అడగడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ముందు ఆ పెద్ద చేసే పని ఏమిటో చూడాలి. విశాఖ మన్యంలో భగతలు, కొండదొరలు, కోందులు, పోర్జలు, గదబలు, వాల్మీకులు, కోటియాలు ఉన్నారు. తెగ తెగకూ పేర్లు మారతాయి, పద్ధతులు కొంత మారతాయి. మొత్తం మీద ఊరికి ఒక పెద్ద, పండగకూ పెళ్లికీ రోజు చూసే దిశారి, దేవత పని చూసే పూజారి, కబురు మోసే బారికి ఉంటారు. కొన్ని ఊళ్లు కలిసి ముఠా, దానికి ముఠాదారు. ఏ కుటుంబం ఏ గట్టు దాకా పోడు కొట్టుకోవచ్చు, ఫలానా జీలుగు చెట్టు కల్లు ఏ అన్నదమ్ముడిది, ఊట నీళ్లు ముందు ఎవరి పల్లానికి పారాలి, భర్తను వదిలి ఇంకొకడితో వెళ్లిన మనిషి తరఫున పాత భర్తకు ఓలి ఎంత తిరిగి రావాలి: ఇవన్నీ పెద్ద ముందుకు వచ్చే తగవులు. తప్పు కట్టిస్తారు. ఆ తప్పు సొమ్ముతో చాలాసార్లు ఊరంతా కలిసి తింటుంది, కొట్టుకున్న ఇద్దరూ అదే పంక్తిలో కూర్చుంటారు. ఎవరి మీదనైనా చిల్లంగి పెట్టాడన్న అనుమానం పుడితే, అది నెత్తురు దాకా పోకుండా ఆపగలిగేది ఆ పెద్దే. ఇటుకల పండగకు వేటకెళ్లే రోజూ, కొత్తలు తినే రోజూ ఆయన సమక్షంలోనే ఖరారవుతాయి. వీటికి దస్తావేజులు ఉండవు. ఊరి భూమి పటం, ఊరి అప్పుల పద్దు, ఊరి చుట్టరికాలు, పాత తగవుల్లో కుదిరిన ఒప్పందాలు ఆ మనిషి జ్ఞాపకంలో ఉంటాయి.

ఇంకొక పని ఉంది, ఈ ఉపన్యాసానికి అదే ముఖ్యం. ఊరి తరఫున బయటివాళ్లతో మాట్లాడటం. ఫారెస్టు గార్డు వచ్చినా, షావుకారు వచ్చినా, తహసీల్దారు వచ్చినా, పోలీసులు వచ్చినా, దళం వచ్చినా ముందు వెళ్లేది పెద్ద ఇంటికే. తమ మనిషిని స్టేషన్లో పెడితే విడిపించుకు రావడానికి వెళ్లేదీ ఆయనే.

ఈ వ్యవస్థను మెచ్చుకుంటూ పోతే అది అబద్ధమవుతుంది. కుల పంచాయతీలో ఆడవాళ్లకు చోటు లేదు. వాళ్ల గురించే మాట్లాడతారు, వాళ్లతో మాట్లాడరు. ముఠాదారుల్లో వెట్టి చేయించుకున్నవాళ్లు, షావుకారుతో కుమ్మక్కై సొంతవాళ్లను అప్పు కింద చేసే గొత్తి చాకిరీలోకి నెట్టినవాళ్లు ఉన్నారు. నెత్తురూ కొత్త కాదు. 1836లో గొలుగొండ జమీందారీకి జమ్మ దేవమ్మను కూర్చోబెట్టినప్పుడు, తమను అడగలేదన్న కోపంతో కొండ దొరలు ఆమెను హతమార్చారు. మరుసటి ఏడు ఆ ఎస్టేటు బకాయిల వేలంలో కంపెనీ చేతికే వచ్చింది. అయినా ఒక తేడా గమనించాలి. ముఠాదారు చెడ్డవాడైతే అతని మీద తిరగబడే దారి ఆ ఊళ్లకు తెలుసు. అతను అదే కొండ మీద బతకాలి, అతని పిల్లలకు ఆ ఊళ్లలోనే సంబంధాలు వెతకాలి. బయటి నుంచి వచ్చిన అధికారానికి ఆ కట్టుబాటు లేదు.

1839 చట్టం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టింది. ఏజెన్సీ అన్న మాట అప్పటి నుంచే వాడుకలోకి వచ్చింది. ముఠాదారులు మిగిలారు గానీ ఇక మీద సర్కారు దయ మీద మిగిలారు. గోదావరి వైపు రంపలో పై దొరగా ఉన్న మన్సబుదారు ముఠాలను కాజేసి, కల్లు మీద చిగురుపన్ను పెంచి, కల్లు తాగే మనిషి గొంతు మీద కాలు పెట్టినప్పుడు 1879లో రంప పితూరీ లేచింది. దాన్ని అణిచాక ప్రభుత్వం మన్సబుదారును పక్కకు తప్పించి ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. 1794లో నేర్చిన పాఠాన్నే 85 ఏళ్ల తరవాత మళ్లీ నేర్చుకుంది.

మళ్లీ మరిచిపోయింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండ రోడ్ల పనికి జనాన్ని తోలి కూలి ఎగవేసిన రోజుల్లో బట్టిపనుకుల ముఠా పోగొట్టుకున్న గాం గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర సీతారామరాజుతో చేరారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. ఆ పోరాటం రెండేళ్లు నిలబడిందంటే, దారి చూపే చేతులూ దాచిపెట్టే ఇళ్లూ ఉన్నాయి కనకే. ఆ చేతుల్లో చాలా వరకు అవమానం పాలైన పెద్దలవి. 1924 మే 7న రాజును, ఆ జూన్‌లో గంటం దొరను కాల్చి చంపారు. అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మల్లు దొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు గెలిచాడు. ముఠా ఊడిన ఇంటి మనిషిని జనం వోటుతో మళ్లీ పెద్దను చేసుకున్న సంఘటన అది. మన చరిత్ర పుస్తకాల్లో దానికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు.

1969లో ముఠాల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. భూమి రైతువారీ పట్టాల కిందకు రావాలన్న ఆ ఉద్దేశం మంచిదే, అవసరమైనదే. అయితే సర్వే, సెటిల్‌మెంటు చాలా ఊళ్లకు ఆలస్యంగా చేరాయి. ముఠాదారు దిగిపోయాడు, ఆయన తీర్చిన తగవులు తీర్చడానికి ఎవరూ ఎక్కి రాలేదు. ఆ సందులోకి మైదానపు షావుకారు ముందే వచ్చి ఉన్నాడు.

శ్రీకాకుళం ఏజెన్సీలో అప్పటికే ఇంకొక ప్రయత్నం జరిగింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు మాస్టార్లు గిరిజన సంఘం ద్వారా కూలి రేట్ల కోసం, పోయిన భూముల కోసం ఊళ్లను కూడగట్టారు. సంఘం సభలకు కొండ పెద్దలూ వచ్చారు, కుర్రవాళ్లూ వచ్చారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు మహాసభకు పోతున్న వాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే గిరిజనులు చనిపోయారు. కేసు కోర్టులో కొట్టేశారు. తగవును మాటతో తేల్చుకునే ఆ దారి అక్కడ మూసుకుపోయింది. ఏడాది తిరిగేసరికి సంఘం ఆయుధం పట్టింది. సత్యం, కైలాసం 1970 జులై 10న పోలీసు కాల్పుల్లో మరణించారు. పద్మనాభ యుద్ధం జరిగిన తేదీ కూడా అదే. దళాల హింస గురించి మాట్లాడేవాళ్లు లేవిడి తుపాకీ మోతను దాటవేసి మొదలుపెట్టడం న్యాయం కాదు.

1980లో పీపుల్స్ వార్ అనే నక్సలైటు పార్టీ ఏర్పడి అడవికి దళాలను పంపింది. విశాఖ మన్యంలోకి వచ్చిన మొదటి రోజుల్లో వాళ్లు చేసిన పనులు జనానికి తెలుసు. ఫారెస్టు గార్డు మామూళ్లు ఆగాయి. తునికాకు కట్టకు రేటు పెరిగింది. వడ్డీ వ్యాపారి లెక్కల పుస్తకాలు మూతపడ్డాయి. అన్నలు అని జనం పిలిచారంటే ఊరికే పిలవలేదు. అది కాదనేవాళ్లకు తరవాత జరిగినది కూడా అర్థం కాదు.

తరవాత జరిగింది ఇది. దళం ఒకసారి వచ్చి పోయేది కాదు, పాలించాలనుకుంది. పాలించాలంటే ఊళ్లో ఇంకొక మాట చెల్లుబాటు కాకూడదు. తగవులు ప్రజాకోర్టుకు తరలాయి. ఊళ్లో కుర్రవాళ్లతో మిలీషియా, కమిటీలు ఏర్పడ్డాయి. నిన్నటి దాకా పెద్ద ముందు చేతులు కట్టుకున్న పిల్లవాడు ఇప్పుడు ఆయన్ని సంజాయిషీ అడుగుతాడు. అంతవరకు అది అధికారం చేతులు మారడమే. కొన్ని ఊళ్లలో అది మంచే చేసి ఉంటుంది. అసలు దెబ్బ ఇన్‌ఫార్మర్ అన్న ఆరోపణతో పడింది.

ఆ ఆరోపణ పెద్దరికపు పని మీదే పడుతుంది. పోలీసు స్టేషన్‌కు వెళ్లొచ్చాడు: ఊరి కుర్రవాణ్ణి విడిపించడానికి వెళ్లాడు. తహసీల్దారుతో మాట్లాడాడు: రేషన్ కార్డుల కోసం. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆఫీసులో కనబడ్డాడు, రోడ్డు పనికి వేలిముద్ర వేశాడు, వోటు వేయించాడు. రెండు వైపులా మాట్లాడటమే ఆయన కొలువు. అదే నేరంగా మారింది. రాత్రి తలుపు తట్టి తీసుకుపోతారు. తెల్లారి దారి పక్కన శవం, దాని మీద ఒక లేఖ. ప్రజాకోర్టులో ఊరంతా కూర్చున్నా, తుపాకుల మధ్య కూర్చున్న ఊరు ఔననే అంటుంది. ఆ ఔను చెప్పినవాళ్లు మర్నాడు ఆ ఇంటి ఆడవాళ్ల ముఖం చూడలేరు. దిన కార్యానికి వెళ్తే దళానికి కోపం, వెళ్లకపోతే చుట్టరికం చచ్చిపోతుంది. ఒక్క మనిషిని చంపితే ఊరు ఇలా ఎన్నో ముక్కలవుతుంది. ఆ మనిషి తల్లో ఉన్న భూమి పటం కూడా ఆయనతో పోతుంది; గట్టు తగవు వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పేవాడు ఉండడు. దిశారి, బారికి కూడా జాగ్రత్త పడతారు. కబురు మోయడమే ప్రమాదమైన చోట బారికి ఎందుకు నడుస్తాడు?

ముఠాదారు స్థానంలోకి వచ్చిన సర్పంచి, ఎంపీటీసీ, ఎమ్మెల్యే కూడా ఈ గీతలోపలే ఉన్నారు. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ డుంబ్రిగుడ మండలంలో ఒక ఊరికి కార్యక్రమానికి పోతుండగా లివిటిపుట్టు దగ్గర, పీపుల్స్ వార్ వారసులైన మావోయిస్టులు ఆపారు. కాపలాదారుల ఆయుధాలు తీసుకున్నారు, కాసేపు మాట్లాడారు, ఇద్దరినీ కాల్చేశారు. గనుల విషయంలో కిడారి మీద వాళ్ల ఆరోపణలు వాళ్లకున్నాయి. వాటిలో నిజానిజాలు తేల్చే చోటు గ్రామసభ కావచ్చు, కోర్టు కావచ్చు, వచ్చే ఎన్నిక కావచ్చు. లివిటిపుట్టు రోడ్డు కాదు. ఆ మధ్యాహ్నమే జనం డుంబ్రిగుడ, అరకు పోలీసు స్టేషన్ల మీద పడి తగలబెట్టారు. చంపింది దళం, తగలబడింది స్టేషన్. కోపం ఎటు పోవాలో తెలియని ఊళ్లకు సర్దిచెప్పగలిగిన ఇద్దరే ఆ రోజు శవాలై పడి ఉన్నారు.

కిడారి కొడుకును ఆ నవంబరులో మంత్రిని చేశారు. ఆరు నెలల్లో చట్టసభకు ఎన్నిక కాకపోవడంతో 2019 మేలో ఆయన రాజీనామా చేశాడు. సానుభూతితో ఇచ్చిన పదవి కొండకు పెద్దరికాన్ని తిరిగి ఇవ్వదు. ఆ హత్యల నీడ కిందిస్థాయి దాకా పాకింది. లోపలి పంచాయతీల ప్రతినిధులు మండల కేంద్రాల్లో, పాడేరులో, విశాఖలో గదులు అద్దెకు తీసుకుని బతికారు. ఊరు ఒకచోట, ఊరి సంతకం ఇంకొకచోట.

ఎప్పుడూ ఊరు మౌనంగా ఉండిపోలేదు. 2014 అక్టోబరులో చింతపల్లి మండలం వీరవరంలో, తమ ఊరి మనిషిని కళ్లముందు చంపిన దళం మీద గ్రామస్థులు రాళ్లతో, కర్రలతో తిరగబడ్డారు. మావోయిస్టులు చనిపోయారు. పట్నాల్లో కొందరు దాన్ని ఘనకార్యంగా చెప్పుకున్నారు. ఆ ఊరికి దక్కిందేమిటి? ప్రతీకారం వస్తుందన్న భయంతో ఇళ్లు వదిలి పోలీసుల పంచన చేరడం. వీరవరంలో ప్రాణాలు తీసినవాళ్లూ పోగొట్టుకున్నవాళ్లూ కొండ బిడ్డలే. అంతటి ఉక్రోషం వచ్చేదాకా ఆ తగవును మధ్యలో ఆపగల మనిషి లేకపోవడం గురించి ఆలోచించినవాళ్లు తక్కువ.

ప్రభుత్వం వైపు కూడా చూడాలి. పెద్దను రెండో వైపు నుంచి నలిపింది అదే. గాలింపులకు వచ్చిన బలగాలు మొదట అడిగేది ఆయన్నే: ఎవరు అన్నం పెట్టారు, ఎటు పోయారు? చెప్తే ఆ రాత్రి చావు, చెప్పకపోతే ఆ పగలు దెబ్బలు. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని చెప్పారు. వాళ్ల వెంట ఊరు, తెగ, మహిళా సంఘాలు నిలబడ్డాయి. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి బాధితులకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు. ఊరి పంచాయతీ ఇంత కాలం ఒక తగవును నాన్చదు. ఇంత పెద్ద నేరాన్ని తేల్చే శక్తీ దానికి లేదు. కోర్టు న్యాయం చేయలేనప్పుడు ప్రజాకోర్టుకు గిరాకీ పెరుగుతుందన్నది పోలీసు శాఖ కూడా ఒప్పుకోవాల్సిన సంగతి.

విశాఖ రేవుకు బైలదిల్లా ఇనప రాయి మోసుకొచ్చే కిరండూల్ రైలు దారి వెంట వెనక్కి పోతే దంతెవాడ వస్తుంది. అక్కడ ఇదే కథ పెద్ద అక్షరాలతో కనబడుతుంది. ఆంధ్ర నుంచి వెళ్లిన దళాలు సంఘాలు పెట్టి, పటేళ్లు, పెర్మాలు, గాయితాలు అనే ఊరి పెద్దల చేతిలోని భూమి, తగవు, పండగ మీద పెత్తనాన్ని తమ చేతిలోకి తీసుకున్నాయి. ఎదురు చెప్పిన వాళ్లలో కొందరిని చంపారు, కొందరిని వెళ్లగొట్టారు. వెళ్లినవాళ్లు ఊరుకోలేదు. 2005లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలైనప్పుడు ముందు నడిచిన వాళ్లలో పెత్తనం పోయిన ఈ పెద్దలూ ఉన్నారు. నాయకత్వం వహించిన మహేంద్ర కర్మ కూడా అక్కడి మాంఝీల కుటుంబం నుంచి వచ్చినవాడే. ఈసారి పెద్దల వెనక ప్రభుత్వ తుపాకీ ఉంది. ఆరువందలకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది కుటుంబాలు క్యాంపుల్లో పడ్డాయి, మరికొన్ని వేలు శబరి, గోదావరి దాటి ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టు ప్రత్యేక పోలీసులుగా గిరిజన యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. 2013 మే 25న దర్భా లోయలో మావోయిస్టులు కర్మను చంపారు. పెద్ద మధ్యలో నిలబడటం మానేసి ఒక పక్షానికి తుపాకీ అయితే, ఆయన ఊళ్లు కూడా యుద్ధరంగమవుతాయి.

ఇది ఒక్క ఎర్రజెండాకు సంబంధించిన వ్యవహారం కాదు. పాకిస్తాన్ సరిహద్దు కొండల్లో తెల్లవాళ్లు 1901 నాటి నేరాల రెగ్యులేషన్‌తో తెగ పెద్దలైన మాలిక్‌లను తమ ఏజెంటుకు కట్టేశారు. అదే పద్ధతి స్వాతంత్ర్యం వచ్చాకా సాగింది. 2004 తరవాత తాలిబాన్లు ఆ మాలిక్‌లను వందల సంఖ్యలో చంపారు. 2008 అక్టోబరులో ఒరక్‌జాయ్‌లో తాలిబాన్ల మీద లష్కర్ (తెగ సేన) కట్టాలని కూర్చున్న పెద్దల సభ జిర్గాలోకి ఆత్మాహుతి వాహనం దూసుకొచ్చింది. మనుషులతో పాటు కూర్చుని మాట్లాడుకునే అలవాటును కూడా చంపాలన్నదే ఆ దాడి ఎత్తుగడ. ఆ ప్రాంతాన్ని 2018లో మామూలు రాష్ట్ర పాలనలో కలిపారు. ఇరాక్‌లోని అన్బార్‌లో వేరేగా జరిగింది. 2006 ఆగస్టులో అల్‌ఖైదా అల్బు అలీ జాసిం తెగ షేక్‌ను చంపి, శవాన్ని ఖననానికి ఇవ్వకుండా దాచింది. చావు కన్నా ఆ అవమానం తెగలను కదిలించింది. సెప్టెంబరులో వాళ్లు ఏకమై అమెరికా సైన్యంతో చేతులు కలిపారు. అల్‌ఖైదా వెనక్కి తగ్గింది గానీ ఆ కూటమి నాయకుడు అబ్దుల్ సత్తార్ ఏడాదికే బాంబుకు బలయ్యాడు. పాకిస్తాన్ సరిహద్దులోనూ అన్బార్‌లోనూ దంతెవాడలోనూ పెద్దలను తుపాకీ ఏరివేసినప్పుడు, వాళ్ల స్థానం నింపింది ఇంకో తుపాకీయే.

మన మన్యంలో ఆ ఖాళీలోకి వచ్చినవాటిలో గంజాయి ఒకటి. దళాలే దాన్ని నాటించాయని చెప్పడానికి ఈ మాట అనడం లేదు. బయటి వ్యాపారి విత్తనం, పెట్టుబడి తెచ్చి లోపలి ఊళ్లో పండించుకుని పోగలిగాడంటే, ఇది మన నేలలో వద్దు అని చెప్పి నిలబడే గొంతు ఆ ఊళ్లో లేదు. 2021 చివర మొదలైన ఆపరేషన్ పరివర్తనలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు కాల్చారు. జైళ్లలో పడింది మాత్రం ఎక్కువగా మూటలు మోసిన కుర్రవాళ్లు. వాళ్ల తరఫున వకీలు దగ్గరికి వెళ్లడానికి, బెయిలుకు పూచీ పడటానికి పెద్దమనిషి దొరకని ఊళ్లున్నాయి.

ఇంకొకటి. 2011 ఫిబ్రవరిలో మల్కనగిరి కలెక్టరు వినీల్ కృష్ణను మావోయిస్టులు చిత్రకొండ దగ్గర పట్టుకుపోయినప్పుడు చర్చలకు ప్రొఫెసర్ హరగోపాల్, సోమేశ్వరరావు ఆంధ్ర నుంచి వెళ్లాల్సి వచ్చింది. ఎనిమిది రోజులకు ఆయన విడుదలయ్యాడు. ఆ పెద్దమనుషులు చేసినది గొప్ప పని. అయితే చిత్రకొండ చుట్టూ ఉన్న ఇన్ని ఊళ్లలో, ఇరువైపులా గౌరవం ఉన్న ఒక్క కొండ పెద్దను ప్రభుత్వం గానీ పార్టీ గానీ పిలవలేకపోయింది. అలాంటివాణ్ణి ఇద్దరూ కలిసి అంతకుముందు ముప్పై ఏళ్లలో లేకుండా చేశారు.

పెద్దలు మిగిలిన చోట ఏం చేయగలరో చూడాలంటే విశాఖకు దూరంగా పోనక్కర్లేదు. రాయగడ దాటితే నియమగిరి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో బాక్సైట్ తవ్వకం మీద 12 గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందు పెద్దలు, ఆడవాళ్లు, కుర్రవాళ్లు లేచి తమ కొండ ఎందుకు ఇవ్వరో చెప్పారు. 12కు 12 సభలూ వద్దన్నాయి. అక్కడ తవ్వకం ఆగిపోయింది. విశాఖ మన్యంలోని బాక్సైట్ మీద కూడా జనం ఏళ్ల తరబడి పోరాడారు. అంతకుముందు బొర్రా గనుల వివాదం 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు దాకా వెళ్లి దేశమంతటా షెడ్యూల్డు ప్రాంతాల భూమికి రక్ష అయింది. 2015లో చింతపల్లి బాక్సైట్ జీవో వచ్చిన ఏడాదే దళం జీకే వీధి మండలంలో ముగ్గురు అధికార పార్టీ నాయకులను పట్టుకుపోయి, కొన్ని రోజులకు వదిలింది. జీవోను తరవాత ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. దళం వల్ల ఆగిందా, జనం వల్ల ఆగిందా అని వాదించుకునే పరిస్థితి మిగిలింది. నియమగిరిలో ఆ సందేహం ఎవరికీ లేదు.

2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు మడవి హిడ్మా ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. దళాలు పలచబడ్డాయి, లొంగుబాట్లు పెరిగాయి. 2022లో మన్యం అల్లూరి పేరుతో వేరే జిల్లా అయింది. పాడేరులో కలెక్టరు కూర్చుంటున్నాడు. రోడ్లు పడుతున్నాయి, సెల్ టవర్లు లేస్తున్నాయి. తుపాకీ వెళ్లిపోయినంత మాత్రాన చనిపోయిన పెద్దల స్థానం భర్తీ కాదు. ఆ కుర్చీ మీద ఇప్పటికే కాంట్రాక్టరు, పార్టీ మండల నాయకుడు, గంజాయి దళారి కన్నేశారు.

1996 పెసా చట్టం ప్రతి గ్రామసభకూ ఆచారాలను, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకునే సొంత పద్ధతిని కాపాడుకునే అధికారం ఇచ్చింది. మన రాష్ట్ర చట్టం 1998లో, నియమాలు 2011లో వచ్చాయి. ఈ గ్రామసభలో ఊరి వోటర్లంతా సభ్యులు కనక పాత కుల పంచాయతీ ఇవ్వని చోటు ఆడవాళ్లకు ఇక్కడ చట్టప్రకారం ఉంది. చేయాల్సిన పనులు పెద్దవి కావు, వాయిదా వేయదగ్గవీ కావు. దళాల చేతిలోనైనా పోలీసుల చేతిలోనైనా చనిపోయిన పెద్దల, ప్రతినిధుల కుటుంబాలకు ఒకే లెక్కన సాయం అందాలి. ఇన్‌ఫార్మర్లనీ సానుభూతిపరులనీ రెండు వైపులా ముద్ర పడ్డవాళ్లు తిరిగి ఊరికి రావడానికి ముందు ఆ ఊరి గ్రామసభ కూర్చోవాలి, ఐటీడీఏ అధికారి శ్రోతగా రావాలి గాని తీర్పరిగా కాదు. పోడు గట్లు, ఊటలు, జీలుగు చెట్ల హక్కులు తెలిసిన ముసలివాళ్లు ఇంకా కొందరు బతికి ఉన్నారు. అటవీ హక్కుల పట్టాల కొలతలకు వెళ్లే సర్వేయరు మొదట వాళ్ల పక్కన నడవాలి, వాళ్లు చెప్పింది గ్రామసభ తీర్మానంగా రాయించాలి. మైదానం నుంచి పోలీసు స్టేషన్‌కు వచ్చే కొత్త ఎస్సై, ఊరి మనిషి కోసం పూచీ పడటానికి వచ్చిన పెద్దకు కుర్చీ వేసి మాట్లాడాలి, ఆయన దగ్గర కబుర్లు లాగే ప్రయత్నం చేయకూడదు. పాడేరు, చింతపల్లి, ముంచింగుపుట్టు మండలాల్లో ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.